నెల తప్పకముందే మొదలవ్వాల్సిన వైద్యం

యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితం చేసిన ఉపన్యాస పాఠం

తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో కడుపుతో ఉన్న ఆడపిల్లకు అయిదో నెలలోనో ఏడో నెలలోనో పుట్టింటివారు చలిమిడి పెడతారు. తడి బియ్యప్పిండిలో బెల్లం కలిపి, కొబ్బరి ముక్కలు వేసి, కడుపు చలవకని ఒడిలో పెట్టి పంపుతారు. తరువాత సీమంతం, చుట్టాలు తెచ్చే స్వీటు డబ్బాలు. దాదాపు అవే రోజుల్లో, అంటే 24 నుంచి 28 వారాల మధ్య, ఆ పిల్లకు ఆరోగ్య కేంద్రంలో 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలాగి రక్తం తీయాలి. అంగలకుదురు లాంటి ఊళ్లో ఇంటి ముంగిట వేడుకా, ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎమ్మూ ఒకే వారంలో రావడం మామూలే. వేడుకకు ఊరంతా వస్తుంది. పరీక్ష సంగతి మాత్రం గుర్తుచేసేవాళ్లుంటే తప్ప ఇంట్లో ఎవరికీ పట్టదు.

ఆ రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు, లేదా అంతకు మించి ఉంటే అది గర్భధారణ మధుమేహం. భోజనం చేసి వచ్చినా, పరగడుపున వచ్చినా ఈ పరీక్ష చేయవచ్చు. పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణిని ఉపవాసంతో మళ్లీ రమ్మంటే ఆమె రాదన్న అనుభవం మీద, భారతీయ వైద్యులు పట్టుబట్టి నిలబెట్టిన పద్ధతి ఇది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు దీన్నే తీసుకున్నాయి. తొలిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, మళ్లీ 24–28 వారాల్లో ఒకసారి చేయాలని చెప్పాయి. షుగర్ ఉందని తేలగానే ఇంట్లో పెద్దవాళ్ల నోట వచ్చే మాట ఒకటుంది: "కాన్పయితే అదే పోతుందిలే." చాలామందికి అది పోతుంది కూడా. అయితే పోయేలోగా అది తల్లి రక్తనాళాల్లో, మాయలో, బిడ్డ కణాల్లో చేసే పని ఏమిటన్నదే ఇక్కడ విషయం. జీవరసాయన శాస్త్రం ఆ పనికి పెట్టిన పేరు ఆక్సీకరణ ఒత్తిడి. ఈ పేరును 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ప్రచారంలోకి తెచ్చాడు.

ఈ విషయానికి సుబ్బారావును తలుచుకోవడం మర్యాద కోసం కాదు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరిన ఆ మనిషి చేసిన రెండు పనులు ఈ జబ్బులో ఎదురుపడతాయి. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని వెలికితీయడం మొదటిది. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడం రెండోది. ఏటీపీ కణానికి రోజువారీ ఖర్చుకు పనికొచ్చే శక్తి. అది ఎక్కువగా తయారయ్యే చోటు మైటోకాండ్రియా. ఆక్సీకరణ ఒత్తిడికి మూలమైన సూపర్ ఆక్సైడ్ పుట్టే చోటు కూడా అదే.

తిన్న అన్నం గ్లూకోజై కణంలోకి వెళ్లాక, దాని నుంచి విడిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక ప్రోటీను నుంచి మరో ప్రోటీనుకు చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరి దాన్ని నీరుగా మారుస్తాయి. ఆ దారిలో విడుదలైన శక్తితోనే ఏటీపీ తయారవుతుంది. గ్లూకోజు మితిమీరితే ఎలక్ట్రాన్లు దారిలోనే గుమిగూడతాయి. కొన్ని తొందరపడి మధ్యలోనే ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అలా పుట్టేదే సూపర్ ఆక్సైడ్. న్యూయార్క్ శాస్త్రవేత్త మైకేల్ బ్రౌన్లీ 2004లో చేసిన బాంటింగ్ ఉపన్యాసంలో మధుమేహపు చిక్కులన్నిటినీ ఈ ఒక్క చోటికి తెచ్చి ముడివేశాడు. కంటిపొర, మూత్రపిండం, నరం వేర్వేరుగా దెబ్బతింటున్నట్టు కనిపించినా, తొలి అడుగు ఒక్కటేనన్నది ఆయన వాదన.

శరీరం ఊరుకోదు. సూపర్ ఆక్సైడ్‌ను అణచడానికి సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ ఉంది. దీన్ని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనిపెట్టారు. తరువాతి వరుసలో కెటలేజ్, గ్లూటాథయోన్ ఉన్నాయి. చిక్కేమిటంటే, కణం మిగులు గ్లూకోజును సార్బిటాల్‌గా మార్చుకునే దారిలో ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం ఖర్చయిపోతుంది. వాడేసిన గ్లూటాథయోన్‌ను మళ్లీ పనికి సిద్ధం చేయాలన్నా ఆ పదార్థమే కావాలి. దాడి పెరిగే వేళకే కాపలా తగ్గుతుందన్నమాట. రక్తనాళాల్లో మరొకటి జరుగుతుంది. నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను సూపర్ ఆక్సైడ్ తినేస్తుంది. నాళం బిగుసుకుంటుంది. షుగర్ ఉన్న గర్భిణికి రక్తపోటు, కాళ్ల వాపులు, ముదిరితే పెద్దలు గుర్రపువాతం అనే మూర్ఛ రావడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

షుగర్ లేని గర్భిణిలో కూడా ఈ ఒత్తిడి కొంత ఉంటుంది. మొదటి రెండు నెలలు మాయ దాదాపు ఆక్సిజన్ కరువులో పెరుగుతుంది. పిండానికి అదే క్షేమం, ఎందుకంటే దాని దగ్గర ఇంకా రక్షణ ఎంజైములు చాలినన్ని లేవు. పది, పన్నెండు వారాల మధ్య తల్లి రక్తం మాయలోకి పూర్తిగా తెరుచుకుంటుంది. అక్కడి ఆక్సిజన్ రెండు, మూడు రెట్లవుతుంది. బ్రిటన్‌లో బర్టన్, జోనియో బృందం ఈ మార్పును కొలిచి చూపించింది. ఆరోగ్యంగా ఉన్న మాయ ఆ దెబ్బను తట్టుకుని ఎంజైములను పెంచుకుంటుంది. మధుమేహం ఉన్న తల్లి మాయకు అప్పటికే వేరే భారం మీద పడి ఉంటుంది.

ఇక్కడ ఇద్దరు తల్లులను వేరుచేసి చూడాలి. ఊళ్లలో ఇద్దరికీ "షుగర్ గర్భిణి" అన్న ఒకే మాట వాడతారు గానీ కథలు వేరు.

మొదటి తల్లికి షుగర్ ఆరో నెలలో వస్తుంది. మాయ విడుదలచేసే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. దానికి తగ్గట్టు ఇన్సులిన్ పెంచుకోలేని శరీరంలో షుగర్ పెరుగుతుంది. అప్పటికి బిడ్డ గుండె, మెదడు, వెన్ను తయారై ఉంటాయి కాబట్టి అవయవ లోపాల భయం పెద్దగా లేదు. 1950ల్లో కోపెన్‌హాగెన్ వైద్యుడు యోర్గన్ పెడర్సన్ చెప్పిన సంగతి ఈమెకు వర్తిస్తుంది. తల్లి గ్లూకోజు మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారుచేసుకుని కొవ్వు పట్టి పెరుగుతుంది. నాలుగు కిలోల బిడ్డను చూసి ముచ్చటపడే వాళ్లకు ఆ బరువు వెనుక లెక్క చెప్పడం కష్టం.

రెండో తల్లికి షుగర్ పెళ్లికి ముందో, తరువాతో వచ్చి ఉంటుంది. పాతికేళ్లకే టైప్-2 మధుమేహం కనిపిస్తున్న కాలం కాబట్టి ఈమె ఇప్పుడు అరుదు కాదు. ఈమె బిడ్డకు ప్రమాదం మొదటి వారాల్లోనే. మెదడూ వెన్నుపామూ ఏర్పడే నాడీ గొట్టం గర్భం ధరించిన 28 రోజులకే మూసుకుంటుంది. అంటే నెల తప్పి రెండు వారాలు. మందుల షాపులో పరీక్ష కిట్టు కొని, అత్తగారికి చెప్పి, ఆసుపత్రిలో పేరు నమోదు చేయించుకునేసరికి ఆ గొట్టం మూసుకునో, మూసుకోకుండానో దాని పని అయిపోయి ఉంటుంది. బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రంలో మేరీ లోకెన్ బృందం ఎలుకల్లో దీన్ని జన్యువు దాకా వెంబడించింది. అధిక గ్లూకోజు వల్ల పుట్టిన ఆక్సీకరణ ఒత్తిడి, గొట్టం మూసుకోవడానికి కావలసిన పాక్స్-3 జన్యువు పనిని తగ్గిస్తుంది. అక్కడి కణాలు చచ్చిపోతాయి.

దీనికి మందేమిటో తూర్పు జర్మనీలోని కార్ల్స్‌బుర్గ్ వైద్యులు 1983లోనే చూపించారు. గర్భం వచ్చాక ఆసుపత్రికి చేరిన మధుమేహ తల్లుల 292 మంది బిడ్డల్లో 22 మందికి పుట్టుకతో లోపాలున్నాయి. గర్భానికి ముందే షుగర్‌ను కట్టుదిట్టం చేసుకున్న తల్లుల 128 మంది బిడ్డల్లో లోపం ఒక్కరికే. ఆక్సీకరణ ఒత్తిడి ఊసే లేకుండా వాళ్లు చేసిన పని అది. షుగర్‌ను మాత్రమే తగ్గించారు.

ప్రయోగశాలలు ఇంకో దారి పట్టాయి. ఆ దారిలో ఆశ పుట్టడానికి మంచి కారణమే ఉంది. స్వీడన్‌లోని ఉప్సలాలో ఉల్ఫ్ ఎరిక్సన్ అధిక గ్లూకోజు ద్రావణంలో ఎలుక పిండాలను పెంచితే లోపాలు వచ్చాయి. అందులోనే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ కలిపితే లోపాలు తగ్గాయి. మధుమేహం ఉన్న ఎలుకలకు మేతలో విటమిన్ ఈ పెట్టినా తగ్గాయి. మరోపక్క మన మెడికల్ కాలేజీల బయోకెమిస్ట్రీ విభాగాల్లో కూడా అందుబాటులో ఉన్న పరీక్ష ఒకటి ఉంది. దెబ్బతిన్న కొవ్వుల నుంచి వచ్చే మాలోన్‌డయాల్డిహైడ్ థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో కలిస్తే గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు గాఢతను 532 నానోమీటర్ల దగ్గర కొలిస్తే చాలు. పద్ధతి చవక. కాకపోతే ఆ గులాబీ రంగును తెచ్చే పదార్థాలు ఇంకొన్ని ఉన్నాయి కాబట్టి అంకెను అతిగా నమ్మకూడదు. ఇలా రంగుతో కొలిచే విద్యలో సుబ్బారావు మొనగాడు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ పద్ధతిలో నీలిరంగును కొలవాలి. తరాల విద్యార్థులు ల్యాబుల్లో ఆ పేరుతోనే దాన్ని నేర్చుకున్నారు.

షుగర్ ఉన్న గర్భిణుల రక్తంలో ఆ గులాబీ రంగు గాఢంగా ఉంటుందని అనేక అధ్యయనాలు చెప్పాక, తరువాతి ఆలోచన ఎవరికైనా వచ్చేదే. విటమిన్ సీ, విటమిన్ ఈ ఇస్తే సరిపోదా?

ఇచ్చి చూశారు. బ్రిటన్‌లో ప్రమాదం ఎక్కువగా ఉన్న సుమారు 2,400 మంది గర్భిణులకు, వారిలో మధుమేహం ఉన్నవారు కూడా ఉన్నారు, రోజుకు 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సీ, 400 యూనిట్ల విటమిన్ ఈ గానీ, ఉత్తుత్తి మాత్రలు గానీ ఇచ్చారు. 2006లో ఫలితం వచ్చింది. రక్తపోటు చిక్కులు తగ్గకపోగా, విటమిన్లు తీసుకున్నవారికి తక్కువ బరువు బిడ్డలు ఎక్కువ మంది పుట్టారు. పోషణ చాలని తల్లులకైతే పనిచేస్తుందేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, పెరూ, దక్షిణాఫ్రికా, వియత్నాంలలో ఇదే ప్రయోగం చేసింది. 2009లో అక్కడా లాభం కనిపించలేదు. చివరికి టైప్-1 మధుమేహం ఉన్న 762 మంది గర్భిణులతో చేసిన ప్రయోగం 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. విటమిన్లు తీసుకున్నవారిలో 15 శాతానికి, తీసుకోనివారిలో 19 శాతానికి ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో వచ్చే ప్రమాదకర రక్తపోటు, వచ్చింది. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి లెక్క చాలలేదు. మొదటినుంచీ ఒంట్లో ఈ విటమిన్లు బాగా తక్కువగా ఉన్న కొద్దిమందికి మేలు జరిగి ఉండవచ్చన్న సూచన మిగిలింది. అంతకు మించి ఏమీ లేదు.

ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎందుకు పనిచేయలేదు? వేళ మించిపోవడం ఒక కారణం. ఆ 762 మందికి మాత్రలు 8 నుంచి 22 వారాల మధ్య మొదలయ్యాయి. అప్పటికి నాడీ గొట్టం పని ముగిసింది, చాలామందిలో మాయ కుదురుకోవడమూ అయిపోయింది. సూపర్ ఆక్సైడ్ లాంటి ఈ ఆక్సిజన్ కణికలన్నీ శత్రువులు కాకపోవడం మరో కారణం. కణాలు కబురు పంపుకోవడానికి కూడా వాటిని వాడుకుంటాయి కాబట్టి గంపగుత్తగా తుడిచేయడం మేలు కాదు. అసలు కారణం ఊక పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు. గాలి ఆడకుండా ఊక కూరితే గదంతా పొగవుతుంది. విసనకర్రతో పొగను తోలినంతసేపూ లోపల ఊక అలాగే ఉంటుంది.

ఇంత తేలాక కూడా యాంటీఆక్సిడెంట్ అన్న మాట అచ్చేసిన సీసాలు మందుల షాపుల్లో అమ్ముడవుతూనే ఉన్నాయి. సరుకు పాతదే, లేబుల్ కొత్తది. పక్కనే దుగ్గిరాల పసుపు యార్డు ఉన్న ప్రాంతం కాబట్టి పసుపు సంగతి కూడా చెప్పాలి. కూరలో వేసే చిటికెడు పసుపుకు ఎవరూ అభ్యంతరం చెప్పరు. అందులోని కర్క్యుమిన్‌ను వందల మిల్లీగ్రాముల గోళీలుగా మార్చి గర్భిణికి ఇవ్వడం వేరు. అది పేగు నుంచి రక్తంలోకి చేరేదే అతి తక్కువ. ఆ మోతాదులో కడుపులో బిడ్డకు క్షేమమన్న రుజువు లేదు. ఉసిరికాయ, మునగాకు, గోంగూర తింటే మంచిదే, తినే తిండిగా. మందుగా చెప్పి వాటితో షుగర్ మాత్ర మాన్పించే సలహాదారులు మాత్రం ప్రమాదకరమైన మనుషులు.

మాత్రలన్నీ వృథా అనుకోనక్కర్లేదు. సుబ్బారావు రెండో పని ఇక్కడికి వస్తుంది. 1928లో బొంబాయికి వచ్చిన ఇంగ్లీషు వైద్యురాలు లూసీ విల్స్, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుతో చేసిన మార్మైట్‌లో ఉన్న ఏదో పదార్థం దాన్ని నయంచేస్తోందని 1931లో ప్రకటించింది. ఆ పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్న సుబ్బారావు, అదే జబ్బుకు పనికొచ్చే ఆ పదార్థాన్ని మాత్రగా చేయగల స్థితికి తెచ్చాడు. 1948లో ఆయన పోయాడు. గర్భానికి ముందునుంచీ ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, ఇదివరకు నాడీ గొట్టం లోపంతో బిడ్డ పుట్టిన తల్లుల్లో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ ప్రయోగం తేల్చింది. మధుమేహం ఉన్న స్త్రీ గర్భానికి ముందునుంచి 12 వారాల దాకా రోజుకు 5 మిల్లీగ్రాములు తీసుకోవాలని బ్రిటన్ మార్గదర్శకం చెబుతుంది. డాక్టరు చీటీతో మన దగ్గర కూడా దొరికే అతి చవక మాత్ర ఇది.

ఈ కథకు ఒక మెలిక ఉంది. మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో గర్భిణులను ఏళ్ల తరబడి పరిశీలించిన కృష్ణవేణి బృందం, విటమిన్ బీ12 తక్కువగా ఉన్నవారిలో గర్భధారణ మధుమేహం దాదాపు రెట్టింపు కనిపించిందని 2009లో రాసింది. పుణెలో యాజ్నిక్ బృందం, తల్లిలో ఫోలేట్ ఎక్కువై బీ12 తక్కువైతే బిడ్డకు ఆరేళ్ల వయసులో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని గమనించింది. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లలో, పాలు పెరుగు కూడా పలచగా ఉన్న ఇళ్లలో ఫోలిక్ మాత్ర ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా బీ12 సంగతి కూడా చూడాలి.

ఇక అన్నం. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఈ డెల్టాకు గర్వకారణం. తెల్లగా పాలిష్ పట్టిన ఆ బియ్యం రోజుకు మూడు పూటలా తినడం మాత్రం షుగర్ ఉన్న గర్భిణికి కుదరదు. తిన్నాక ఒక్కసారిగా ఎగబాకే గ్లూకోజు, నిలకడగా ఉండే ఎక్కువ గ్లూకోజు కంటే ఎక్కువగా ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుందని టైప్-2 రోగుల మీద ఫ్రాన్స్‌లో మోనియే బృందం 2006లో చూపించింది. టైప్-1 రోగుల్లో అది రుజువు కాలేదు గానీ, భోజనం తరువాతి అంకెను అదుపులో పెట్టమనే గర్భిణి వైద్యానికి ఇది బలమే ఇస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆకు ఎండు తెగులును తట్టుకునేలా తీర్చిన మెరుగైన సాంబ మసూరిలో, తిన్నాక గ్లూకోజు ఎంతగా ఎగబాకుతుందో చెప్పే గ్లైసిమిక్ సూచిక 51 దగ్గర ఉందని తేలింది. మామూలు బియ్యంకంటే అది తక్కువ. అలాగని కంచం నిండా కొండలా పెట్టుకోమని అర్థం కాదు. అన్నం సగం చేసి పప్పు, కూర, గుడ్డు పెంచడం, ఒకేసారి కాక కొద్దికొద్దిగా తినడం, తిన్నాక కాసేపు నడవడం ముందు చేయవలసినవి. రెండు వారాలు అలా చేసినా భోజనమైన రెండు గంటలకు 120 దాటుతుంటే మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ మొదలుపెట్టాలి. ఇన్సులిన్ ఒకసారి పట్టుకుంటే జన్మంతా వదలదన్న భయం నిజం కాదు. గర్భంతో వచ్చిన షుగర్‌కు వేసే ఇన్సులిన్ చాలామందికి కాన్పుతోనే ఆగిపోతుంది.

ఈ మామూలు పనులకు ఫలితం ఉంటుందా? ఆస్ట్రేలియా వైద్యుల నాయకత్వంలో 1,000 మంది గర్భిణులపై జరిగి 2005లో వెలువడిన ప్రయోగంలో, తిండి సలహా, షుగర్ కొలత, అవసరమైతే ఇన్సులిన్ పొందినవారి బిడ్డల్లో తీవ్రమైన చిక్కులు 1 శాతం. మామూలు సంరక్షణ పొందినవారి బిడ్డల్లో 4 శాతం. విటమిన్ సీసాలు చేయలేనిదాన్ని గ్లూకోమీటరు, సగం కంచం అన్నం చేశాయి.

డెల్టాలో ఈ వైద్యం తెగిపోయే చోటొకటి ఉంది. అది ప్రయోగశాలలో కనపడదు. గర్భిణి పేరు నమోదయ్యేది అత్తగారి ఊళ్లో, రేపల్లె దగ్గరో బాపట్ల దగ్గరో. తొలికాన్పుకు ఏడో నెల దాటాక పుట్టింటికి వస్తుంది. పురుడు తెనాలిలో పోసుకుంటుంది. 2022 ఏప్రిల్ నుంచి రేపల్లె, బాపట్ల ఒక జిల్లా, తెనాలి మరో జిల్లా. అక్కడి ఏఎన్ఎంకు ఆమె షుగర్ తెలుసు, ఇక్కడి ఏఎన్ఎంకు తెలియదు. మధ్యలో ఉన్న ఒకే ఆధారం తల్లీబిడ్డల రక్షణ కార్డు. అందులో షుగర్ అంకె వేసి ఉందో లేదో, పుట్టింటికి బయలుదేరిననాడు ఆ కార్డు సంచిలో పడిందో లేదో చూడడం ఇంట్లోవాళ్ల పని.

కాన్పయిన ఆరు వారాలకు ఆ తల్లికి మళ్లీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయాలి. గర్భధారణ మధుమేహం వచ్చిన స్త్రీకి తరువాతి జీవితంలో టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికన్నా ఏడు రెట్లు ఎక్కువ. ఆమె రెండోసారి గర్భం దాల్చేటప్పటికి ఈ ఉపన్యాసంలో చెప్పిన మొదటి తల్లి రెండో తల్లి అయిపోవచ్చు. బాలెంత పథ్యం నడుస్తున్న ఆ రోజుల్లో పరీక్షకని ఆమెను విడిగా ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్లరు. కానీ బిడ్డకు పెంటావాలెంట్ టీకా మొదటి మోతాదు పడేదీ ఆరు వారాలకే. టీకాకు బిడ్డను ఎలాగూ తీసుకొస్తారు. ఎత్తుకొచ్చేది తల్లే. టీకా వేసి జ్వరం మాత్ర ఇచ్చే బల్ల మీదే ఆ గ్లూకోజు ప్యాకెట్ కూడా ఉంటే రెండు పనులూ ఒకే పూటలో అయిపోతాయి. ఈసారి పరీక్ష పరగడుపున చేయాలి కాబట్టి, అలా రమ్మని ముందురోజు ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చెప్పివస్తే చాలు.